మా మేనల్లుడికి ముగ్గురు ప్లీడర్లు

నాకు కోపం ఎక్కువ. మొహమాటం అంతకన్నా ఎక్కువ. కోపమంతా ఇంట్లోవాళ్ల మీద, మొహమాటమంతా బయటివాళ్ల దగ్గర. ముప్ఫై మూడేళ్లు బళ్లో సాంఘికశాస్త్రం చెప్పి, అందులో ఆఖరి ఎనిమిదేళ్లు హెడ్మాస్టరుగా చేసి రిటైరయినా ఈ రెండింటినీ అటూ ఇటూ మార్చి వాడుకోవడం నాకు చేతకాలేదు. చేతనయి ఉంటే మా మేనల్లుడు ఏలూరు కోర్టు మెట్లెక్కేవాడు కాదు. తాగి బండి నడిపిన ఒక్క ఊదుడు కేసుకి ముగ్గురు ప్లీడర్లు నల్లకోట్లు వేసుకుని వచ్చేవాళ్లూ కాదు.

మేనల్లుడంటే మా చెల్లెలి కొడుకు. ఒక్కడే. బావగారు పోయి ఆరేళ్లయింది. మా ఆవిడ అంతకుముందే పోయింది. అందుకని తాడేపల్లిగూడెంలో మా చెల్లెలి ఇంటికి రెండు వీధుల అవతల ఉంటూ, రెండు పూటలా భోజనం అక్కడే చేస్తూ, దానికి బదులుగా వాడికి నీతులు చెబుతూ కాలం గడుపుతున్నాను. వాడికి ఇరవై మూడేళ్లు. చేపల పెంపకంలో డిప్లొమా చేసి రెండేళ్లు ఖాళీగా ఉన్నాడు. ఈ వేసవిలో ఒక మేత కంపెనీలో ఉద్యోగం దొరికింది. గణపవరం చుట్టుపక్కల చెరువులన్నీ బండి మీద తిరిగి, నీళ్లు పరీక్ష చేసి, ఎంత మేత వెయ్యాలో రైతులకి చెప్పే పని. చేరే రోజున డ్రైవింగ్ లైసెన్సు ఒరిజినల్ చూపించాలి. లైసెన్సు లేకపోతే ఉద్యోగం లేదు. ఈ ముక్క మా చెల్లెలు ముందు ఊళ్లో అందరికీ సంతోషంగా చెప్పింది. తర్వాత అదే ముక్క నాకొక్కడికే, ఏడుస్తూ, రోజూ చెప్పింది.

జరిగింది జరిగినట్టు ముందే చెప్పేస్తాను. దాచి ప్రయోజనం లేదు. ఒకసారి దాచి చూశాను కూడా.

కొల్లేరు పక్కన నా స్నేహితుడొకాయనకి చేపల చెరువుంది. ఇద్దరం ఒకే బళ్లో పనిచేశాం. ఆయన మధ్యలో బడి వదిలేసి బాగుపడ్డాడు. చేపలు పట్టే రోజున నన్ను పిలవడం ఆయనకి అలవాటు, వెళ్లడం నాకు అలవాటు. ఉద్యోగంలో చేరబోయే కుర్రాడు ఒక చెరువు పట్టడం చూస్తే మంచిదని ఈసారి మేనల్లుణ్ని బండి తియ్యమన్నాను. పొద్దున్నే వల లాగేశారు. చేపల మీద ఐసు కొట్టుకుని లారీలు వెళ్లిపోయాక గట్టు మీద పాకలో వంట మొదలయింది. పట్టిన చేపల్లో మొదటి బుట్ట అమ్మకూడదు, వచ్చినవాళ్లకి వండి పెట్టాలి. గ్లాసులు చెరువు యజమాని తన చేత్తో నింపాలి. పోస్తుంటే ఎవరూ చెయ్యి అడ్డం పెట్టకూడదు, పెడితే వచ్చే పంటకి చేప ఎదగదని ఆయన నమ్మకం. ఎమ్మెస్సీ చదివిన మనిషి.

నేను మూడు పుచ్చుకున్నాను. ఏడాదికి రెండుసార్లు ఆ గట్టు మీద తప్ప ఇంకెక్కడా ముట్టేవాణ్ని కాదు. అప్పటిదాకా ఆ సంగతి నాకూ ఆ స్నేహితుడికీ తప్ప ఎవరికీ తెలీదు. బళ్లో ఏటా మద్యపానం వల్ల అనర్థాల మీద వ్యాసరచన పోటీ పెట్టించిందీ, గెలిచిన పిల్లలకి స్టీలు గిన్నెలు బహుమతిగా ఇచ్చిందీ నేనే.

మేనల్లుడి ముందు గ్లాసు పెట్టగానే వాడు, "వద్దండి, బండి నడపాలండి," అన్నాడు. మర్యాదగా, చేతులు కట్టుకుని మరీ అన్నాడు. మా స్నేహితుడి మొహం చిన్నబోయింది. అది నేను చూడలేకపోయాను.

"పెద్దాయన అంత ప్రేమగా పోస్తుంటే కాదనడం బాగోదురా. ఒక్కటి పుచ్చుకో, ఏం కాదు," అన్నాను.

వాడు నా మాట కాదనే మనిషి కాదు. ఆ ఒక్కటీ అయ్యాక మా స్నేహితుడు, "ఒంటి గ్లాసేంటండీ, బాగోదు," అంటూ రెండోది పోశాడు. వాడు మళ్లీ నా వైపు చూశాడు. నేను కంచంలో ముల్లు ఏరుకుంటున్నట్టు తల వంచుకుని, కానివ్వమని ఎడం చెయ్యి ఊపాను.

సాయంత్రం నాలుగున్నరకి ఏలూరు పొలిమేరలో పోలీసులు ఆపారు. నేను వెనక సీటు మీద, నోట్లో నాలుగు లవంగాలతో, నిటారుగా కూర్చుని ఉన్నాను. వాడి చేత మిషన్ ఊదించారు. అది కుయ్‌మంది. వెనకున్నవాణ్ని ఊదమనే రూలు లేదనుకుంటాను, కానిస్టేబులు నా తెల్లచొక్కా, నెరిసిన జుట్టూ చూసి, "మీలాంటి పెద్దవారు పక్కనుండి కూడా ఇలాగయితే ఎలాగండీ మాస్టారూ," అని నా మీద జాలిపడ్డాడు. నోరు తెరిస్తే లవంగం వాసన ఒక్కటే రాదని నాకు తెలుసు. అందుకని మాట్లాడకుండా బాధగా తల ఊపాను. బండి తీసుకున్నారు, లైసెన్సు తీసుకున్నారు, నెల తర్వాత కోర్టుకి రమ్మని కాగితం చేతిలో పెట్టారు.

ఇద్దరం బస్సులో గూడెం చేరాం. గుమ్మంలోనే మా చెల్లెలు, "బండేదిరా?" అంది. వాడు ఉన్నది ఉన్నట్టు, నా ఊసు మటుకు ఎత్తకుండా చెప్పాడు. అది గోడ పట్టుకుని కూలబడింది.

"మావయ్య పక్కనుండగా తాగడానికి నీకు బుద్ధెలా పుట్టిందిరా?" అని వాణ్నడిగి, "నువ్వు చూడలేదా అన్నయ్యా?" అని నా వైపు తిరిగింది.

నిజం చెప్పాల్సిన సమయం అదే. చెప్పడానికే నోరు తెరిచాను కూడా. తీరా, "నేను పెద్దవాళ్లతో మాట్లాడుతున్నానమ్మా. నాకు తెలీకుండా పాక వెనక్కి వెళ్లి ఉంటాడు," అని బయటికొచ్చింది.

వాడు నన్ను ఒక్కసారి చూశాడు. తర్వాత కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లిపోయాడు.

ఆ నెల రోజులూ మా చెల్లెలు వాణ్ని తిట్టని పూట లేదు. అన్నం పెడుతూ తిట్టేది, బట్టలారేస్తూ తిట్టేది, తిట్లు అయిపోతే నన్ను పిలిచి, "నువ్వైనా నాలుగు మంచి ముక్కలు చెప్పన్నయ్యా, నీ మాటంటే వాడికి గురి," అనేది. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టేవాణ్ని. వ్యాసరచన పోటీల పుణ్యమా అని పాయింట్లకి కొదవలేదు. వాడు తల వంచుకుని వినేవాడు. ఒకరోజు లివరు ఎలా పాడవుతుందో వివరిస్తుంటే నెమ్మదిగా తలెత్తి, "రెండు గ్లాసులకే పాడవుతుందాండి మావయ్యా, మూడు పడాలాండి?" అని అడిగాడు. మొహంలో ఏ భావమూ లేదు. నాకు పొలమారింది. మా చెల్లెలు, "పెద్దవాళ్లకి ఎదురు ప్రశ్నలేంట్రా?" అంటూ నా మాడు మీద తట్టి మంచినీళ్లిచ్చింది.

ఇక ప్లీడరు సంగతి. మా వైపు ప్లీడరు దగ్గరికి ఎవరూ నేరుగా వెళ్లరు. 'మనవాడేనండి, కాస్త చూడండి' అని ఎవరో ఒకరు చెప్పి పంపాలి. చెప్పి పంపినాయన మాట పోకూడదు కాబట్టి వెళ్లినవాడు అక్కడ వకాలత్ కాగితం మీద సంతకం పెట్టాలి, అంటే ఈ కేసు మీరే వాదించండని రాసివ్వాలి. పెళ్లికి పిలిచినవాళ్లందరి ఇంటికీ వెళ్లినట్టు, ప్లీడర్ని చెప్పినవాళ్లందరి దగ్గరికీ వెళ్లి సంతకాలు పెట్టించడమే మర్యాద అని నేననుకున్నాను. సాంఘికశాస్త్రంలో న్యాయవ్యవస్థ పాఠం ముప్ఫై మూడుసార్లు చెప్పినవాణ్ని.

మొదటాయన్ని మా చెల్లెలి పక్కింటి వారు చెప్పారు. డెబ్భై అయిదేళ్లుంటాయి. ఏలూరులో పాత పెంకుటింటి వరండాలో ఆఫీసు. జీవితమంతా భూమి తగాదాలు తప్ప ఇంకో కేసు ముట్టలేదట. ఆ సంగతి కాఫీ తాగేశాక తెలిసింది, అప్పటికి లేచి రావడం బాగోదు.

"స్థలం ఎక్కడండి?" అన్నారు కలం తీసి.

"రోడ్డు మీదండి."

"రోడ్డుకి తూర్పు హద్దేమిటండి?"

"చేపల చెరువులండి."

"పడమర?"

"అటూ చెరువులేనండి."

ఆయన కళ్లద్దాలు పైకి తోసుకున్నారు. "మీరు బయల్దేరిన చెరువు పట్టా భూమా అండీ, పోరంబోకా? కొల్లేరు హద్దు లోపలుందా, బయటుందా?"

నాకు తెలీదన్నాను. అరగంట అడిగాక, నా స్నేహితుడి చెరువు ఉత్తరపు గట్టు మీద దావా పడేందుకు మంచి అవకాశం ఉందని తేల్చారు. "కుర్రాడు తాగి బండి నడిపాడండి," అని గుర్తు చేశాను. "అదీ ఉంది లెండి. దాన్ని ఆఖర్న రాసుకుందాం," అన్నారు. ఆయన భార్య రెండో కాఫీ పట్టుకొచ్చారు. ఇంక ఎలా కాదనను? మేనల్లుడి చేత సంతకం పెట్టించాను.

రెండో ఆయన్ని చెరువు స్నేహితుడు చెప్పాడు. "ఇదంతా నా మూలంగానే వచ్చిందండి, నా మాట కాదనకండి," అని ఫోన్లో ఒకటే బాధ. ఈ ప్లీడరు గారిది మూడంతస్తుల మేడ. హత్య కేసులకి పేరు మోసిన మనిషి. మేం కూర్చోగానే, "ఎంతమంది పోయారండి?" అన్నారు.

"ఎవరూ పోలేదండి."

"దెబ్బలు?"

"ఎవరికీ తగల్లేదండి. ఊదాడంతేనండి."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, మా ఇద్దరినీ చూసి నిట్టూర్చారు. అంత పెద్దాయన్ని నిరాశపరిచినందుకు నాకు నిజంగా సిగ్గేసింది. కాసేపటికి ఆయనే సర్దుకుని, "ఏం ఫర్లేదండి, లాగుదాం. ఆ మిషన్ని ఎప్పుడు ఎవరు చెక్ చేశారో అడుగుదాం. కానిస్టేబుల్ని బోనెక్కిద్దాం. హైకోర్టు దాకా వెళ్దాం. ఎనిమిదేళ్లు కదలనివ్వను," అన్నారు.

"కుర్రాడు వచ్చే నెల ఉద్యోగంలో చేరాలండి. లైసెన్సు కావాలండి," అన్నాను.

"ఉద్యోగాలు వస్తుంటాయి పోతుంటాయండి. ఇలాంటి పాయింటు మళ్లీ రాదు."

అక్కడా సంతకం పెట్టించాను. మెట్లు దిగుతుంటే మేనల్లుడు, "మావయ్యా, ఎనిమిదేళ్లకి నాకు ముప్ఫై ఒకటండి," అన్నాడు. నోర్మూసుకోమన్నాను. చెప్పాను కదా, కోపం ఇంట్లోవాళ్ల మీదే.

మూడో ప్లీడర్ని ఎవరూ చెప్పలేదు. కోర్టు ఎదురుగా జిరాక్సు తీయించుకుని, ఎండకి తాళలేక పక్కనున్న దర్జీ కొట్టు నీడలో నిలబడ్డాం. ప్లీడర్ల నల్లకోట్లు, గౌన్లు కుట్టే కొట్టు. ముసలాయన మిషన్ తొక్కుతున్నాడు. లోపల గుడ్డల బీరువా పక్కన బల్ల వేసుకుని, తలమీద ముసుగు, ఒంటిమీద నల్లకోటు ఉన్న అమ్మాయి కాగితాలు చూసుకుంటోంది. నా చేతిలో పోలీసులిచ్చిన కాగితాన్ని అంత దూరం నుంచే చూసి, "ఊదుడు కేసాండి?" అంది.

"మా అమ్మాయేనండి," అన్నాడు ముసలాయన తలెత్తకుండానే. "రోజూ అవే చూస్తుందండి."

కూర్చోమంది. హద్దులు అడగలేదు, ఎవరైనా పోయారా అని అడగలేదు. మేనల్లుడి వైపు తిరిగి, "ఎవరు పోశారండి?" అంది.

వాడు బీరువాలో గుడ్డల తానులు లెక్కపెడుతున్నట్టు అటు చూశాడు.

"ఇప్పుడది అవసరమాండి?" అన్నాను నేను.

"మీరు కాసేపు బయట కూర్చుంటారాండి?"

"నేను వీడి మేనమామనండి."

"అందుకేనండి."

నాకు చర్రున కోపం వచ్చింది. లేచాను కూడా. కానీ ఆ అమ్మాయి నా వైపు చూస్తూ, గొంతు ఏమాత్రం పెంచకుండా, "మీరూ పుచ్చుకున్నారు కదండీ," అంది. అది ప్రశ్న కూడా కాదు. మళ్లీ కూర్చున్నాను. మా చెల్లెలికి చెప్పలేనిది, దేవుడి ముందు కూడా అననిది, ఆ దర్జీ కొట్లో మొత్తం చెప్పేశాను. వాడు వద్దన్నది, నేను పుచ్చుకోమన్నది, ఇంటికొచ్చి అబద్ధమాడింది. ముసలాయన మిషన్ ఆపి విని, మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు.

"చూడండి మాస్టారూ," అంది ఆ అమ్మాయి. "ఇందులో వాదించడానికేం లేదండి. ఒప్పుకుంటే జరిమానా వేస్తారు. లైసెన్సు కొన్నాళ్లు ఆపమని రాయొచ్చు, రాయకపోవచ్చు. ఈ జడ్జి గారు కుర్రాళ్లని ఒక్కటే అడుగుతారండి, ఎవరితో తాగావని. అక్కడ అబద్ధం చెప్తే ఆయనకి తెలిసిపోతుందండి, లైసెన్సు పోతుంది. పెద్దవాళ్లెవరైనా లేచి నిజం చెప్పి, ఇకమీదట మాది పూచీ అంటే వింటారు. చాలాసార్లు చూశానండి."

"కాగితం మీద రాసిస్తే సరిపోదాండి?"

"లేచి చెప్పాలండి."

"ఆ రోజు మా చెల్లెలు కూడా వస్తానంటోందండి."

"అది నా చేతిలో లేదండి," అని నవ్వింది. తక్కిన ఇద్దరు ప్లీడర్ల సంగతీ చెప్తే, ముందు వాళ్ల దగ్గర, మాకు అభ్యంతరం లేదని రాయించుకు రమ్మంది. అలా రాయించుకోకుండా ఇంకొకరికి వకాలత్ ఇవ్వకూడదని ఆ రోజే తెలిసింది నాకు.

బయటికొచ్చాక మేనల్లుడు, "కోర్టులో మీరేం చెప్పక్కర్లేదు మావయ్యా. అమ్మ తట్టుకోలేదు. లైసెన్సు పోతే పోయింది, ఇంకో ఉద్యోగం చూసుకుంటాను," అన్నాడు. నా మీద నాకు ఛీ అనిపించింది. దాంతోపాటు హాయిగానూ అనిపించింది. ఉన్నమాట చెబుతున్నాను.

అభ్యంతరం లేదని రాయించుకోవడానికి రెండు రోజులు తిరిగాను. పెంకుటింటి ప్లీడరు గారు నన్ను చూడగానే లోపలికి కేకేసి ఉప్మా చేయించారు. నాకోసమని పాత రెవెన్యూ మ్యాపు ఎక్కడినుంచో తెప్పించి ఉంచారు. ఉప్మా తిని, మ్యాపు చూసి, చాలా బాగుందని చెప్పి వచ్చేశాను. మేడ ప్లీడరు గారు మా కేసు కోసం ఒక జూనియర్ని ప్రత్యేకం పెట్టామన్నారు. ఆ జూనియరు నా కాళ్లకి దండం పెట్టాడు, నా శిష్యుడట. హైకోర్టుకి ఎప్పుడు వెళ్దామో తేదీ మాట్లాడుకుని వచ్చేశాను. దర్జీ కొట్టు అమ్మాయికి మటుకు, "ఇద్దరూ సరేనన్నారండి," అని చెప్పాను. తీరా వాళ్లు రారులే అని నా ధైర్యం.

ముగ్గురూ వచ్చారు.

బంట్రోతు మా వాడి పేరు పిలవగానే మూడు నల్లకోట్లు ఒకేసారి లేచాయి. జడ్జి గారికి నలభై కూడా ఉండవు. కాగితం తిప్పి చూసి, ముగ్గుర్నీ చూసి, "ఇది తాగి నడిపిన కేసే కదండీ?" అన్నారు. దర్జీ కొట్టు అమ్మాయి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

మేడ ప్లీడరు గారు పక్కనున్న పెద్దాయన్ని అప్పుడే చూశారు. "అయ్యో, మీరు పెద్దవారు. మీరు కానివ్వండి," అన్నారు.

"అబ్బే, క్రిమినల్ మేటర్లు మీవేనండి. మీరే కానివ్వండి," అన్నారు పెంకుటింటి వారు.

"మీ ముందు నేనేంటండీ."

"భలేవారే, మీలాంటి వారుండగా నేనా అండీ."

చాలాసేపు సాగింది. ఇద్దరూ ఏలూరు వాళ్లు, ఇద్దర్లో ఎవరూ తగ్గేలా లేరు. జడ్జి గారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కాసేపు విన్నారు, ఆ తర్వాత ఇద్దర్నీ కూర్చోమన్నారు. ఇద్దరూ కృతజ్ఞతగా కూర్చున్నారు. దర్జీ కొట్టు అమ్మాయి, "ఒప్పుకుంటున్నాడండి," అని ఒక్క మాట చెప్పింది.

జడ్జి గారు వాణ్ని ముందుకి రమ్మన్నారు. "తాగావా?"

"తాగానండి."

"ఎవరితో?"

నేను రెండో బెంచీలో ఉన్నాను. మా చెల్లెలు నా పక్కనే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. వాడు వెనక్కి తిరగలేదు.

"ఒక్కణ్నేనండి," అన్నాడు.

జడ్జి గారు కలం తీసుకున్నారు. ఆ కలం కాగితం మీద పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? ఆ కాస్త సేపట్లో నాకు రెండేళ్ల నుంచి వాడు పొద్దున్నే లేచి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎక్కడికీ వెళ్లకుండా వీధరుగు మీద కూర్చోవడం కళ్లకి కట్టింది. లేచాను.

"ఒక్కడే కాదండి," అన్నాను. "వాడు వద్దన్నాడండి. నేనే బలవంతాన రెండు గ్లాసులు పుచ్చుకోమన్నాను."

"మీరెవరండి?"

"మేనమామనండి. రిటైర్డ్ హెడ్మాస్టర్నండి."

"బండి మీద మీరూ ఉన్నారా?"

"వెనకండి."

"మీరెంత పుచ్చుకున్నారండి?"

"మూడండి," అన్నాను. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. పెంకుటింటి ప్లీడరు గారు, పాపం, నా తరఫున తల దించుకున్నారు.

"అంటే రెండు తాగిన కుర్రాడు నడిపాడు, మూడు తాగిన హెడ్మాస్టరు గారు వెనక కూర్చున్నారు," అన్నారు జడ్జి గారు, రాసుకుంటున్నట్టు నెమ్మదిగా. "ఇకమీదట?"

"ఇకమీదట పూచీ నాదండి. నేనూ ముట్టనండి."

జరిమానా వేశారు. కోర్టు లేచేదాకా వాడు అక్కడే కూర్చోవాలన్నారు. మొదటి తప్పు కాబట్టి లైసెన్సు మీద ఏమీ రాయడం లేదు, ఇచ్చేయమన్నారు. తర్వాత నా వైపు చూసి, "మీకు శిక్ష వేసే సెక్షన్ నా దగ్గర లేదండి మాస్టారూ. కానీ కుర్రాడి పక్కన మీరు కూడా సాయంత్రం దాకా కూర్చుంటే నేనేమీ అనుకోను," అన్నారు. కూర్చున్నాను. గేదెల కేసు, గోడ కేసు, చెల్లని చెక్కుల కేసులు పద్నాలుగు విన్నాను. మా చెల్లెలు మటుకు నేను 'మూడండి' అన్నప్పుడే లేచి వరండాలోకి వెళ్లిపోయింది.

అయిదున్నరకి ఏలూరు స్టేషన్లో పాసింజరు కోసం కూర్చున్నాం. లైసెన్సు వాడి జేబులో ఉంది, బండి మర్నాడొచ్చి పోలీసుల దగ్గర విడిపించుకోవాలి. సోమవారం ఉద్యోగంలో చేరాలి. వాడు టీ తెస్తానని వెళ్లాడు. మా చెల్లెలు తిడుతుందని చూస్తున్నాను. తిడితే బావుణ్నని కూడా చూస్తున్నాను.

"పోయిన వారం వాడితో ఒక మాటన్నాను," అంది చివరికి, పట్టాల వైపు చూస్తూ. "మీ నాన్న లేకపోవడమే మంచిదయిందిరా, ఉంటే నిన్ను చూసి సిగ్గుతో చచ్చేవాడు అన్నాను. అన్నం తింటున్నాడు. సరేనమ్మా అన్నాడు. కంచం తీసుకెళ్లి కడుక్కుని పడుకున్నాడు. అప్పుడైనా నీ పేరు చెప్పలేదన్నయ్యా."

ఆ మాట అన్నది అదే అయినా, అనిపించింది నేను. ముప్ఫై మూడేళ్లలో ఎంతమంది పిల్లల్ని లేపి నిలబెట్టి, తప్పు ఒప్పుకోవడానికి సిగ్గెందుకురా అని గదమాయించానో, వాళ్లందరికీ మొహం చాటేయాలనిపించింది.

వాడు మూడు టీలు పట్టుకొచ్చాడు. ఎప్పటిలాగే ముందు నాకిచ్చాడు.

"ఒరేయ్," అన్నాను. "తప్పు నాదిరా."

"తెలుసండి మావయ్యా," అన్నాడు వాడు. "నేనూ అక్కడే ఉన్నాను కదండీ."

మా చెల్లెలు నవ్వలేదు. తన టీ కింద పెట్టి, వాడి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోమంది. బెంచీ మీద ఇద్దరికే చోటుంది. నేను లేచి వాడికి చోటిచ్చి, రైలు వచ్చేదాకా నిలబడ్డాను.